అదే క్లాసు మళ్ళీ చదివించాలా, పైక్లాసుకు పంపి లోటు పూడ్చాలా? ఎలా తేల్చుకోవాలి

మార్చి చివర్లో స్కూలు వాళ్ళు పేరెంట్స్ మీటింగ్ పెట్టినప్పుడు ఈ మాట వస్తుంది. "మీ బాబు బేసిక్స్‌లో వీక్ అండీ, ఇదే క్లాసు ఇంకో ఏడాది చదివిస్తే స్ట్రాంగ్ అవుతాడు." చెప్పేవాళ్ళు తేలిగ్గానే చెప్తారు. ఇంటికొచ్చాక తల్లిదండ్రులకే టెన్షన్. ఒక ఏడాది ఫీజు, ఒక ఏడాది వయసు, తోటివాళ్ళు పైకి వెళ్ళిపోవడం, చుట్టాలకు చెప్పుకోవాల్సిన సమాధానాలు, అన్నీ ఒక్కసారే మీద పడతాయి.

విజయవాడలోనూ గుంటూరులోనూ చదువులో వెనకబడ్డ పిల్లలకు పాఠాలు చెప్పే పనిలో ఉన్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. రిపీటా, ప్రమోషనా అన్నది రెండో ప్రశ్న. వాడు ఎక్కడ ఆగిపోయాడన్నది మొదటి ప్రశ్న. ఐదో తరగతి పిల్లవాడు రెండో తరగతి తీసివేతల దగ్గర ఆగిపోయి ఉంటే, ఐదో తరగతి పుస్తకం ఇంకోసారి చదివించినా వాడు ఆగిన చోటే ఉంటాడు. ఆ పుస్తకంలో రెండో తరగతి తీసివేతలు ఉండవు కదా. కింద చెప్పిన వరుసలో వెళ్తే, ఏం చేయాలో చాలావరకు మీకే తేలిపోతుంది.

1. నిర్ణయం ఏప్రిల్ దాకా ఆపకండి

మన దగ్గర బడులు సాధారణంగా ఏప్రిల్ 23 దాకా నడుస్తాయి, జూన్ 12న తెరుస్తారు. ఏప్రిల్‌లో మొదలుపెడితే మీ చేతిలో మిగిలేది స్కూలు వాళ్ళు చెప్పిన దానికి తల ఊపడమో, గొడవ పెట్టుకోవడమో. సంక్రాంతి సెలవులు అవ్వగానే మొదలుపెట్టండి. అప్పటికి సగం ఏడాది పరీక్షలు అయిపోయి ఉంటాయి, ఇంకా మూడు నెలల బడి మిగిలి ఉంటుంది. ఆ మూడు నెలల్లో వాడు ఎంత కదులుతాడో చూస్తే, మార్చి మీటింగ్‌లో మీ మాటకు ఆధారం ఉంటుంది.

2. ప్రోగ్రెస్ కార్డు పక్కన పెట్టి నోటుబుక్కులు తీయండి

కార్డు మీద ఉన్న గ్రేడు వల్ల మీకు తెలిసేది చాలా తక్కువ. ముఖ్యమైన ప్రశ్నలు ముందే ఇచ్చి, బట్టీ పట్టించి, అవే పరీక్షలో అడిగే స్కూళ్ళలో 'A' గ్రేడ్ వచ్చిన పిల్లలకు కూడా కొత్త పేరా ఇస్తే చదవడం రాదు.

నోటుబుక్కులో మూడు విషయాలు చూడండి. బోర్డు మీద నుంచి చూసి రాసిన పేజీలు ముత్యాల్లా ఉండి, సొంతంగా రాయాల్సిన చోట ఖాళీలు ఉన్నాయా? లెక్కల్లో ఒకే రకం తప్పు మళ్ళీ మళ్ళీ వస్తోందా? హోంవర్క్‌లో చేతిరాత ఎవరిది? ఈ చివరిదానికి జవాబు మీకే తెలుసు కాబట్టి నేను రెట్టించి అడగను.

3. ఇంట్లో అరగంట పరీక్ష

ఇది ఆదివారం ఉదయం చేయండి. టిఫిన్ తిన్నాక, టీవీ ఆపేసి చేయాలి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు పక్కన ఉండకూడదు. 'పరీక్ష' అనే మాట అసలు ఎత్తకండి.

చదవడం: పిల్లలకు చదవడం, లెక్కలు ఎంతవరకు వచ్చో చూడటానికి ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ ఊళ్ళలో చేసే అసర్ సర్వేలో వాడే పద్ధతి చాలా సులువు. అక్షరాలు, మాటలు, ఒకటో తరగతి స్థాయి చిన్న పేరా, రెండో తరగతి స్థాయి కథ. ఈ వరుసలో ఎక్కడిదాకా తడబడకుండా చదివితే అదీ వాడి స్థాయి. తెలుగులో ఇంకొంచెం లోతుగా చూడొచ్చు. ముందు 'తల', 'పలక' లాంటి మాటలు, తర్వాత గుణింతాలున్న 'కోడిపుంజు', తర్వాత ఒత్తులున్న 'చెట్టు', 'అమ్మమ్మ', చివరికి 'స్నేహం', 'రాష్ట్రం'. నాలుగో తరగతి పిల్ల 'చెట్టు'ను 'చెటు' అని, 'స్నేహం'ను 'సేహం' అని చదివితే ఒత్తుల దగ్గర ఆగిందని అర్థం. కొన్ని వారాలు కూర్చుంటే సర్దుకునే విషయం ఇది. ఒక ఏడాది పోగొట్టుకునేంతటిది కాదు.

చదివిన పేరాలోంచి ఒక్క ప్రశ్న అడగండి. గడగడా చదివేసి, ఏం చదివాడో చెప్పలేని పిల్లలు ఇంగ్లీష్ మీడియంలో చాలామంది. చూసేవాళ్ళకు వాళ్ళు బాగా చదువుతున్నట్టే ఉంటుంది.

లెక్కలు: కాగితం మీద 52 - 27 రాసి ఇవ్వండి. 25 వస్తే పర్వాలేదు. 35 వచ్చిందంటే వాడు ఒకట్ల స్థానంలో రెండులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచే రెండు తీసేశాడు. పదుల నుంచి అప్పు తీసుకోవడం వాడికి అర్థం కాలేదు. తర్వాత ఒక భాగహారం ఇవ్వండి. 84ను 6తో భాగించమంటే ఎక్కాలు రాక ఆగాడా, చేసే పద్ధతి తెలియక ఆగాడా చూడండి. రెండింటికీ మందు వేరు.

తర్వాత నోటితో ఒక లెక్క అడగండి. "నాన్నా, పెన్సిలు 8 రూపాయలు. 50 నోటు ఇచ్చి నాలుగు పెన్సిళ్ళు కొంటే చిల్లర ఎంత రావాలి?" తెలుగులో అడిగితే 18 అని చెప్పి, అదే లెక్క ఇంగ్లీషు పుస్తకంలో చేయలేకపోతే లోటు లెక్కల్లో లేదు, ఇంగ్లీషులో ఉంది. లెక్కల ట్యూషన్ పెట్టించి డబ్బు వదిలించుకునే ముందు ఇది చూసుకోండి.

వచ్చిన ఫలితం ఒక కాగితం మీద తేదీ వేసి రాయండి. ఇది తర్వాత పనికొస్తుంది.

4. కారణం వెతకండి

బోర్డు కనపడకపోవడం, చెవిలో చీము కారి వినపడకపోవడం, రక్తహీనత, నిద్ర చాలకపోవడం. ముందు ఇవి చూడాలి. ఉదయం ఆరున్నరకు బస్సెక్కి, సాయంత్రం స్టడీ అవర్ చూసుకుని, ట్యూషన్ కూడా అయ్యాక రాత్రి తొమ్మిదికి పుస్తకం ముందు కునికే పిల్లవాడికి ఇంకో ఏడాది అదే క్లాసు ఇచ్చి ఏం లాభం? కళ్ళ డాక్టరు దగ్గరకు ఒకసారి తీసుకెళ్తే కొందరి విషయం అక్కడికక్కడే తేలుతుంది.

తర్వాత ఆ ఏడాది చరిత్ర చూడండి. ఊరు మారారా? తెలుగు మీడియం నుంచి ఇంగ్లీష్ మీడియంకు మార్చారా? డెంగీ వచ్చి నెలల తరబడి బడి మానేశాడా? ఇంట్లో ఎవరైనా పోయారా? మధ్యలో టీచర్లు మారిపోయారా? గుంటూరు చుట్టుపక్కల మిర్చి కోతలప్పుడు అమ్మానాన్నలతోపాటు పిల్లలు కూడా ఊళ్ళు తిరుగుతారు. వాళ్ళకు రానిది, చెప్పేవాళ్ళు లేకే రాలేదు.

ఇవేవీ లేకుండా, తెలివిగా మాట్లాడే పిల్లవాడు అక్షరాల దగ్గర మాత్రమే ఏళ్ళ తరబడి తంటాలు పడుతుంటే డిస్లెక్సియా (తెలివి ఉన్నా చదవడం, రాయడం దగ్గర వచ్చే ఇబ్బంది) అయ్యుండొచ్చు. తెలుగులో రాసినట్టే చదువుతాం కాబట్టి ఈ ఇబ్బంది తెలుగులో కొంత దాగి ఉండి ఇంగ్లీషు దగ్గర బయటపడుతుంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో డిస్లెక్సియా లాంటి నిర్దిష్ట అభ్యసన వైకల్యాలను చేర్చారు. 2018 మార్గదర్శకాల ప్రకారం మూడో తరగతిలో, లేదా ఎనిమిదేళ్ళ వయసులో టీచర్లు స్క్రీనింగ్ చేయాలి. మీ స్కూల్లో చేశారా అని అడగండి. చేయకపోతే ప్రభుత్వ పెద్దాసుపత్రిలో పిల్లల విభాగం నుంచి మొదలుపెట్టొచ్చు. ప్రభుత్వ సమగ్ర శిక్ష పథకం కింద ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాల వాళ్ళను కూడా అడగొచ్చు. డిస్లెక్సియా ఉన్న పిల్లవాణ్ణి రిపీట్ చేయించడం వల్ల వాడికి ఒరిగేదేమీ లేదు. వాడికి కావాల్సింది వేరే రకం బోధన. పరీక్షల్లో అదనపు సమయం లాంటి వెసులుబాట్లూ కావాలి.

5. చట్టం ఏమంటుందో తెలుసుకుని మీటింగ్‌కు వెళ్ళండి

2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం ప్రకారం ఎనిమిదో తరగతి దాకా పిల్లల్ని ఫెయిల్ చేసి అదే క్లాసులో కూర్చోబెట్టకూడదు. 2019లో 16వ సెక్షన్‌ను సవరించి 5, 8 తరగతులకు మాత్రం వెసులుబాటు ఇచ్చారు. ఆ రెండు తరగతుల్లో ఏడాది చివర పరీక్ష పెట్టాలి. తప్పితే అదనపు బోధన ఇచ్చి, ఫలితాలు వచ్చిన రెండు నెలల్లోపు మళ్ళీ పరీక్ష పెట్టాలి. అందులోనూ తప్పితే ఆపాలా వద్దా అన్నది ఆయా ప్రభుత్వాల నిర్ణయం. 2024 డిసెంబరులో కేంద్రం తన కింద ఉన్న కేంద్రీయ విద్యాలయాలు, నవోదయల వంటి బడులకు దీన్ని అమలుచేస్తూ నోటిఫికేషన్ ఇచ్చింది. రాష్ట్ర బడుల విషయం రాష్ట్ర ప్రభుత్వం చేతిలో ఉంటుంది. కాబట్టి 5, 8 తరగతుల్లో ఆపుతామని ఏ స్కూలైనా అంటే ఏ ఉత్తర్వు ప్రకారమో చూపించమని మర్యాదగా అడగండి. 2, 3, 4, 6, 7 తరగతుల్లో అయితే ఆపే అధికారం ప్రైవేటు స్కూలుకు కూడా లేదు. ఎనిమిది పూర్తయ్యేదాకా ఏ పిల్లవాణ్ణీ బడి నుంచి తీసేయకూడదు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. వెనకబడ్డ పిల్లలకు అవసరమైన అదనపు బోధన చేయడం టీచర్ల విధి అని అదే చట్టంలోని 24వ సెక్షన్ చెప్తోంది. అందుకే అడిగేటప్పుడు నోటితో అడిగి ఊరుకోకుండా ఇలా ఒక అర్జీ రాసి ఇవ్వండి:

"ప్రధానోపాధ్యాయులు గారికి నమస్కారములు. మా అబ్బాయి మీ పాఠశాలలో 4వ తరగతి చదువుతున్నాడు. ఒత్తులున్న మాటలు చదవలేకపోతున్నాడని, అప్పు తీసుకునే తీసివేతలు రావడం లేదని గమనించాము. వచ్చే ఏడాది 5వ తరగతిలో కొనసాగిస్తూ ఈ రెండు అంశాల్లో అదనపు బోధన ఇవ్వవలసిందిగా కోరుతున్నాము. వారానికి ఎన్ని రోజులు, ఎవరు చెప్తారో తెలియజేయగలరు."

'మావాడు వీక్' అని రాస్తే స్కూలుకు చేయాల్సిన పనేంటో కనపడదు. 'ఒత్తులు, తీసివేతలు' అని రాస్తే టీచరుకు రేపు పొద్దున ఏం చెప్పాలో తెలుస్తుంది. స్పందన లేకపోతే ఎంఈవో (మండల విద్యాశాఖాధికారి) దగ్గరకు, అక్కడా కాకపోతే డీఈవో (జిల్లా విద్యాశాఖాధికారి) ఆఫీసుకు అదే కాగితం నకలుతో వెళ్ళండి.

6. ఇప్పుడు తేల్చుకోండి

రిపీట్ మీద ప్రపంచంలో చాలా పరిశోధన జరిగింది. షేన్ జిమర్సన్ అనే అమెరికా పరిశోధకుడు 1990ల నాటి అధ్యయనాలను కలిపి చూసి 2001లో రాసినదాని ప్రకారం, అదే క్లాసు మళ్ళీ చదివిన పిల్లలు వాళ్ళలాగే వెనకబడి ఉండి పైక్లాసుకు వెళ్ళినవాళ్ళకంటే మెరుగుపడలేదు. అమెరికాలోని షికాగో బడుల్లో ఎనిమిదో తరగతిలో ఆపిన పిల్లలు తర్వాత చదువు మానేయడం పెరిగిందని జేకబ్, లెఫ్‌గ్రెన్ అనే ఇద్దరు పరిశోధకులు చూపించారు. ఆరో తరగతిలో ఆపినవాళ్ళలో అలా కనపడలేదు. ఫ్లోరిడాలో మూడో తరగతిలో ఆపిన పిల్లలకు మొదట్లో మంచి మార్కులు వచ్చాయి. కానీ అక్కడ ఉత్తినే ఆపి వదిలేయలేదు. వేసవిలో చదివించే క్యాంపులు పెట్టారు, రోజూ గంటన్నర చదవడం మీదే కూర్చోబెట్టారు. ఆ లాభం కూడా ఏళ్ళు గడిచేకొద్దీ తగ్గిపోయింది. పని చేసింది ఆపడమా, ఆ గంటన్నరా? నేనైతే గంటన్నరకే ఓటేస్తాను.

అందుకని నా లెక్కలో ఎక్కువ మందికి సమాధానం పైక్లాసు, దాంతోపాటు గట్టి రెమిడియల్, అంటే ఆగిన చోటి నుంచి చెప్పే అదనపు బోధన. ముఖ్యంగా ఒకటి రెండు సబ్జెక్టుల్లోనే లోటుంటే రిపీట్ ఆలోచనే వద్దు. తెలుగు, సైన్సు బాగా వచ్చిన పిల్లకు లెక్కల కోసం అవన్నీ మళ్ళీ చెప్పడం శిక్ష.

రిపీట్ గురించి ఆలోచించదగ్గ సందర్భాలు లేకపోలేదు. నాలుగున్నరేళ్ళకే ఒకటో తరగతిలో చేర్చి, తోటివాళ్ళకంటే ఏడాది చిన్నగా ఉన్న పిల్ల. ఆరోగ్యం వల్లో వలస వల్లో దాదాపు ఏడాదంతా బడికి పోని పిల్లవాడు. అది కూడా కింది తరగతుల్లో ఉన్నప్పుడు, మీరే కోరుకున్నప్పుడు, పిల్లలు బెంగ పడకుండా ఒప్పుకున్నప్పుడు. ఈ ఏడాది జరిగిన దానికంటే వచ్చే ఏడాది వేరేగా ఏం జరుగుతుందో స్కూలు వాళ్ళు స్పష్టంగా చెప్పగలగాలి. అదే టీచరు, అదే సెక్షన్, అదే గైడు అయితే ఒప్పుకోకండి.

తొమ్మిదో తరగతి సంగతి విడిగా చెప్పాలి. ఎనిమిది దాటాక విద్యాహక్కు చట్టం రక్షణ ఉండదు. పదిలో నూటికి నూరు శాతం ఫలితాల బ్యానర్ కట్టుకోవడానికి, కాస్త వెనకబడ్డ పిల్లల్ని తొమ్మిదిలోనే ఆపడమో, టీసీ తీసుకుని వెళ్ళిపొమ్మనడమో కొన్ని చోట్ల మామూలైపోయింది. విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర కనపడే హోర్డింగుల్లో ఈ పిల్లల ఫొటోలు ఉండవు. మీకు అలాంటి మాట వస్తే వాడికి రానిదేమిటో రాతపూర్వకంగా ఇమ్మనండి. పిల్లవాడికి లాభం ఉందనిపిస్తే సరే. స్కూలు ఫలితాల కోసమే అయితే, పదో తరగతికి తీసుకునే జిల్లాపరిషత్ లేదా మున్సిపల్ హైస్కూల్లో చేర్చడం ఎంతో నయం. పదిలో ఒకటి రెండు సబ్జెక్టులు పోతే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఉంది. రెగ్యులర్‌గా కుదరనివాళ్ళకు ఓపెన్ స్కూల్ ఉంది. పదిహేనేళ్ళవాణ్ణి చిన్నపిల్లల పక్కన కూర్చోబెడితే వాడు బడికి రావడమే మానేస్తాడు.

7. రెమిడియల్ అంటే ట్యూషన్ కాదు

ఇక్కడే ఎక్కువ డబ్బు వృథా అవుతుంది. సాయంత్రం ట్యూషన్‌లో రేపటి హోంవర్క్ చేయిస్తారు, స్లిప్ టెస్టుకు బట్టీ పట్టిస్తారు. రెండో తరగతి దగ్గర ఉన్న లోటు అలాగే ఉండిపోతుంది. ట్యూషన్ టీచరుతో ముందే మాట్లాడండి: "మేడమ్, రోజుకు అరగంట మావాడి హోంవర్క్ వదిలేసి తీసివేతలు, ఒత్తులే చెప్పండి. హోంవర్క్ కాకపోతే స్కూల్లో నేను మాట్లాడుకుంటాను." మాట్లాడతానన్నారు కాబట్టి నిజంగానే క్లాస్ టీచరుతో మాట్లాడండి. లేకపోతే దెబ్బలు తినేది పిల్లవాడే.

రోజూ అరగంట నుంచి ముప్పావుగంట, వారంలో ఐదు రోజులు. ఒక్కరికే చెప్తే మేలు, నలుగురైదుగురున్నా పర్వాలేదు, ఇరవైమంది మాత్రం వద్దు. క్లాసును బట్టి కాకుండా స్థాయిని బట్టి కూర్చోబెట్టాలి. ఆరో తరగతివాడూ మూడో తరగతివాడూ ఒకేచోట ఆగి ఉంటే కలిపి చెప్పొచ్చు. చెప్పేవాళ్ళు పెద్ద డిగ్రీలున్నవాళ్ళే కానక్కర్లేదు. 2001-03 మధ్య వడోదర, ముంబైల్లో ప్రథమ్ సంస్థ స్థానికంగా చదువుకున్న అమ్మాయిలతో, వెనకబడ్డ పిల్లలకు రోజూ రెండు గంటలు బేసిక్స్ చెప్పిస్తే మార్కులు బాగానే పెరిగాయని ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లోల బృందం తేల్చింది. మీ వీధిలో డిగ్రీ చదివే అమ్మాయి ఓపికగా చెప్పగలిగితే చాలు.

పెద్దపిల్లలతో చిక్కేమిటంటే, ఏడో తరగతివాడి చేతిలో ఒకటో తరగతి వాచకం పెడితే పౌరుషం వచ్చి పుస్తకం ముట్టడు. వాడికి ఊళ్ళో ఉన్న అక్షరాలే పాఠం చేయండి. విజయవాడ పండిట్ నెహ్రూ బస్టాండులో అరగంట నిలబడితే బస్సుల బోర్డుల మీద గుణింతాలూ ఒత్తులూ అన్నీ దొరుకుతాయి: మచిలీపట్నం, అవనిగడ్డ, సత్తెనపల్లి, శ్రీశైలం. తర్వాత పేపర్లో క్రికెట్ వార్త హెడ్డింగులు, సినిమా పేజీ. లెక్కలకు కిరాణా కొట్టు చీటీ ఇచ్చి కూడమనండి.

వేసవి సెలవుల్లో ఉదయం పూటే కూర్చోండి. మన ఎండల్లో మధ్యాహ్నం పెద్దవాళ్ళకే బుర్ర పనిచేయదు.

8. పిల్లలతో ఎవరు, ఎలా చెప్పాలి

ఏ నిర్ణయమైనా వాళ్ళకు మీ నోటి నుంచే తెలియాలి. మేనమామ ద్వారానో, పక్కింటి ఆంటీ ద్వారానో తెలియకూడదు. "నీకు తీసివేతల దగ్గర ఒక్కచోట అర్థం కాలేదు కన్నా, అది నేర్చుకుందాం" అంటే వాడికి ఓ దారి కనపడుతుంది. "నీకేమీ రాదు" అంటే వాడు కూడా అదే నమ్ముతాడు. రిపీట్ ఖాయమైతే స్కూలు మార్చి చేర్చడం మంచిది. పాత స్నేహితులు పైమెట్ల మీద నుంచి చూస్తూ ఉండరు. వేసవి పెళ్ళిళ్ళలో "ఏరా, ఇప్పుడు ఏ క్లాసు?" అని అందరూ అడుగుతారు. ఏం చెప్పాలో ఇంట్లోనే మాట్లాడుకుని వెళ్ళండి. అన్నయ్యతో పోల్చడం గురించి నేను వేరే చెప్పనక్కర్లేదు.

9. మళ్ళీ కొలవండి

రెండు వారాలకోసారి అదే చిన్న పరీక్ష. మాటలు మార్చండి, లెక్కలు మార్చండి, అది వచ్చేదాకా స్థాయి మార్చకండి. 'చెట్టు' వచ్చేసిందా, 'రాష్ట్రం' దగ్గరకు వెళ్ళండి. ఆరేడు వారాలైనా అంగుళం కదలకపోతే గంటలు పెంచకండి, చెప్పే పద్ధతి మార్చండి. దసరా సెలవులకు కూడా కదలిక లేకపోతే నాలుగో అంశంలో చెప్పిన పరీక్షలు చేయించాల్సిందే.

తేదీలు వేసిన ఆ కాగితాలన్నీ ఒక ఫైల్లో పెట్టండి. డాక్టరు దగ్గరకు వెళ్ళినా, స్కూలు మార్చినా, వచ్చే జూన్‌లో కొత్త క్లాస్ టీచరును కలిసినా ముందుగా చూపించాల్సింది ఆ ఫైలే.